నాలుగు దెబ్బల ఖాళీ

ఒరేయ్ కురిహారా,

నలభై వేల యెన్‌లలో ఎలక్ట్రానిక్ డ్రమ్స్ కొనాలంటే కాలితో కొట్టే పెడల్ లేని సెట్టు తీసుకో, అపార్ట్‌మెంట్లో గొడవుండదు అన్నావు. నేను వినలేదు. కాలు ఆడకపోతే అది మన పాటెలా అవుతుందిరా? పెడల్ ఉన్న సెకండ్‌హ్యాండ్ సెట్టే తెచ్చుకున్నాను. హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే కాలేజీ స్టోర్‌రూమూ, పాత పత్రికల కట్టల మీద నా దరువూ, పక్కన నీ బేస్ గిటారూ అన్నీ తిరిగొచ్చేశాయి.

పోయిన వారం కింది అంతస్తులో లిఫ్టు పక్కన నోటీసు పెట్టారు: "సాయంత్రాలు నేల అదురుతోంది. దయచేసి గమనించగలరు." పేరు లేదు. ఎవడో బుద్ధిలేనివాడు అనుకుని, పైకొచ్చి రోజూలాగే వాయించాను. మా ఆవిడ నెత్తి కొట్టుకుంది. "ఆ బుద్ధిలేనివాడు మీరేనండీ! చెవులు మూసుకుంటే కాలి చప్పుడు ఆగుతుందా?"

మర్నాడే కానుకగా తువ్వాలూ మిఠాయి డబ్బా పట్టుకుని, క్షమాపణ చెప్పుకుందామని కింది ఇంటి నిషివాకి మామ్మగారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ టీ పోసి, "నాకు మీ కాలి దెబ్బలే వినిపిస్తాయి నాయనా. రోజూ ఒకేచోట నాలుగు దెబ్బల సేపు ఆగిపోతారేం? మళ్లీ మొదలయ్యేదాకా నాకు టీ మింగుడుపడదు" అన్నారు.

అది నువ్వొక్కడివే వాయించే చోటురా. నలభై ఏళ్లయినా నా కాలు దానంతటదే నీకోసం ఆగుతోంది.

పెడల్ కింద మందపాటి పరుపు వేశాను. ఆదివారం మధ్యాహ్నం బేస్ పట్టుకుని రా. అమ్మేశానని మాత్రం రాయకు. ఆ ఖాళీలో ఏముందో వినడానికి మామ్మగారు పైకొస్తానన్నారు.

నీ పాత డ్రమ్మరు