సుత్తి మీద గెలిచిన కొబ్బరికాయ

ఖరగ్‌పూర్,
18-9-1961

చిరంజీవి గణపతికి మామ్మ దీవెనలు.

వాల్తేరులో నీ ఫిట్టరు పరీక్షకు, ఇక్కడ ఖరిదా బజారులో చవగ్గా అమ్ముతున్న ఫారిన్ పనిముట్లు పంపమన్నావు. ఒక సుత్తి, ఒక పట్టకారు కొన్నాను. నిన్న విశ్వకర్మ పూజలో ఆ సుత్తితోనే కొబ్బరికాయ కొట్టించాను. మూడో దెబ్బకు సుత్తి రెండు ముక్కలైంది. పక్కింటి తవిటయ్య, “ఏటమ్మా ఇది! సుత్తి సచ్చింది, కాయ బతికింది!” అన్నాడు.

పట్టకారు మాత్రం బాగుంది. వేడి గిన్నెలు దించుకోవడానికి నేనే ఉంచుకున్నాను.

నీకు మీ తాతయ్య సుత్తి పంపుతున్నాను. ఎవరినీ ముట్టనివ్వని ఆ సుత్తి కోసం ఆయన పొద్దుటినుంచీ ఇల్లంతా వెతుకుతున్నారు. కాయ కూడా పార్సిల్‌లోనే ఉంది. పరీక్ష నెగ్గిన రోజున ఆ సుత్తితో కొట్టు. తప్పావో, సుత్తి నువ్వే స్వయంగా తెచ్చి ఆయన చేతికివ్వాలి.

ఏమీ ఎరగని,
మీ మామ్మ