సీనివాసన్ పొడి చేసే అళగమ్మాళ్

కోవిల్‌పట్టి,
ఆడి నెల మొదటి మంగళవారం

అమ్మకు యువరాణి దండాలు పెట్టి రాసేది.

ఫోనులో చెప్పకుండా కాగితం ఎందుకు పాడుచేస్తోందని తిట్టకు. ఫోనులో చెబితే ఇక్కడ అత్త వింటుంది, అక్కడ నాన్న వింటాడు. రెండిళ్లలోనూ తెలుగు మాట్లాడనివాళ్లు లేరు గాని, చదవడం వచ్చింది మనిద్దరికే. తాత పట్టుబట్టి అక్షరాలు దిద్దించిన పుణ్యాన నాకు మనసు విప్పే చోటు ఒకటి మిగిలింది.

అమ్మా, నా వెబ్‌సైట్ బోల్తా కొట్టింది. ఇంట్లో కూర్చుని టైల్స్ కంపెనీలకు ‘మీ కలల అంతస్తు’ అని ప్రకటనలు రాసిచ్చే పని నీకు తెలుసు కదా. ఈసారి మా వీధి అమ్మల కోసం రాద్దామనుకున్నాను. మా అత్త గాంధిమతి చేసే మురుకులు, తంగం అక్క ఎండబెట్టే వరుగులు, సీనియమ్మాళ్ పిన్ని కుట్టే పసిపిల్లల చొక్కాలు. పేరూ ఫోన్ నంబరూ చెప్పండని అడిగితే ఒక్కరూ తమది చెప్పలేదు. “నా పేరు ఎందుకమ్మా? ఆయన పేరు వెయ్యి, అదే మరియాద” అంది తంగం అక్క. అత్త నవ్వేసి మామయ్య నంబరిచ్చింది. సరేనని మగవాళ్ల పేర్లతో, వాళ్ల నంబర్లతో సైట్ పెట్టేశాను.

ఆర్డర్లు వచ్చాయి. నా కడుపుమంటంతా అదే. తంగం అక్క మొగుడు కృష్ణన్ అన్న మగ్గాల చప్పుడులో ఫోనెత్తి, వరుగులన్న మాట వినగానే రాంగ్ నంబరని పెట్టేశాడట. వచ్చే ఆవణి నెలలో కూతురి సీమంతానికి మురుకులు కావాలని కోయంబత్తూరు నుంచి ఒకావిడ ఫోను చేస్తే, మామయ్య “ఇది ఇల్లమ్మా, అంగడి కాదు! మా ఇంటి ఆడవాళ్లు అమ్ముకునేవాళ్లు కాదు” అని కసిరారు. పక్కనే పిండి కలుపుతున్న అత్త తల వంచుకుంది. ఆ రాత్రి ఆవిడ అన్నం తినలేదు.

నాకు ఒళ్లు మండింది. ఆ పేర్లన్నీ పీకేశాను. మీ పేర్లు, మీ ఫోటోలు, మీ నంబర్లు ఇస్తేనే మళ్లీ తెరుస్తానన్నాను. చివరికి తంగం అక్కే తేల్చింది: “విరుదునగర్‌లో పొడి చేసే మీ అమ్మ పేరు ముందు వెయ్యి. ఆ యమ్మ ఒప్పుకుంటే మేమూ ఒప్పుకుంటాం.” ఆడి ఆఖరి శుక్రవారానికి తెరవాలి. నువ్వు కాదంటే సైట్ లేదు, అత్త మురుకులు లేవు, నేను మళ్లీ టైల్స్‌కే పోవాలి.

ఇంకో మాట. మన కొట్లో నాన్న పేరుతో అమ్మే సీనివాసన్ పొడి బాగుంటుందని వ్యాపారుల సంఘం వాళ్లు ఆయనకు శాలువా కప్పారు చూడు, ఆ సాయంత్రం నువ్వెక్కడున్నావు? వెనక వంటసాలలో, వచ్చినవాళ్లు పొడి కలుపుకోవడానికి నెయ్యి కాస్తున్నావు. కందిపప్పు వేయించింది నువ్వు, మిరపకాయల ఘాటుకు దగ్గింది నువ్వు. శాలువా ఆయనకు. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. ఇన్నాళ్లూ నీతో అనలేదు. నీ పేరు ఇవ్వమ్మా.

నీ జవాబు కోసం వాకిట్లో కాచుకుని ఉండే
యువరాణి


విరుదునగర్,
ఆడి నెల మూడో వారం

బంగారుతల్లి యువరాణికి అమ్మ దీవించి రాసేది.

నీ ఉత్తరం చూసి మొదట కోపమొచ్చింది. ఈ వయసులో నాకు పేరు కావాల్సి వచ్చిందా అనుకున్నాను. శాలువా మాట దగ్గర ఆగిపోయాను. నాకు మాత్రం గుర్తులేదనుకున్నావా? ఆ శాలువాను ఎండకు వేసి మడతపెట్టేదీ నేనేనే.

అందుకని నీ ఉత్తరం మీ నాన్నకు చదివి వినిపించాను, ఒక్క ముక్క వదలకుండా. గుట్టు పోయిందని ఏడవకు. ఆయన విని, “పేరు మారిస్తే ఎవరు కొంటారు? ఊరికి తెలిసింది సీనివాసన్ పొడి” అన్నాడు. సరే, సీనివాసన్ పొడి సీనివాసనే చెయ్యాలని మూకుడు ఆయన ముందు పెట్టి, నేను పోయి తిన్నె మీద కూర్చున్నాను.

మిరపకాయలు మాడ్చాడు. వీధి వీధంతా తుమ్మింది. ఎదురింటి చెల్లసామి ముక్కుకు తువ్వాలు కట్టుకుని వచ్చి, “ఏమి మామా, దిష్టి తీస్తా ఉండారా?” అన్నాడు. అయినా రోషం తగ్గలేదు. ఆ పొడినే పొట్లాలు కట్టి కొట్టుకు పట్టుకుపోయాడు. మర్నాడు కొన్నవాళ్లంతా పొట్లాలు తిరిగి తెచ్చి “పొడికి ఏమాయె అన్నాచ్చీ?” అని గోల. సరిగ్గా ఆ వేళకే నేనూ కొట్టుకు వెళ్లాను. చూడాలనే వెళ్లాను, అబద్ధమెందుకు.

మీ నాన్న నన్ను ఎన్నడూ పేరు పెట్టి పిలిచింది లేదు. ‘యువరాణి అమ్మా’ అంటాడు, కోపమొస్తే ‘ఏమే’ అంటాడు. ఆ రోజు అందరి ముందూ చెయ్యి చాచి నన్ను చూపించాడు. “చేసేది నేను కాదయ్యా. అళగమ్మాళ్. అళగమ్మాళ్ చేస్తేనే పొడి ఉండాది, లేకుంటే లేదు” అన్నాడు. యువరాణీ, నాకు కాళ్లు నేల మీద నిలవలేదే. ఇంటికొచ్చి పాట పాడుకుంటూ పొడి చేశాను. కొట్టు మీద నా పేరు వేయించడానికి బోర్డు రాసే అతన్ని ఆయనే పిలుచుకొచ్చాడు.

నా ఫోటో, నా బటన్ల ఫోను నంబరు ఇందులో పెట్టాను. కానీ ఒక షరతు. నీ సైట్‌ను మీ నాన్న ఫోనులో పైనుంచి కిందిదాకా చూశాను. మగవాళ్ల పేర్లన్నీ పీకేశావు, మంచిది. అట్టడుగున, రాసినవారు అన్నచోట చూసుకున్నావా? ‘సరవణకుమార్ వెబ్ సర్వీసెస్’ అని ఉంది. మా అల్లుడు బంగారం, నేను కాదనను. అతను అందులో ఒక్క వాక్యమైనా రాశాడా? ముందు నీ పేరు వెయ్యి. ఆ తర్వాతే నాది.

నిన్ను కన్న
అళగమ్మాళ్


కోవిల్‌పట్టి,
ఆవణి నెల

అమ్మా, నా అమ్మా,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడే చదివాను. చెవులు కాలిపోయాయి, ఆ వెంటనే పగలబడి నవ్వాను. ఆ పేరు వెయ్యమని నాకెవరూ చెప్పలేదమ్మా, నా చెయ్యే వేసింది. మీ అల్లుడికి చెబితే, “అప్పుడే తీసి ఉండరాదా? టైల్స్ వాళ్లు ఆ పేరు చూసి నాకు పోను చేసి, ఈ వాక్యం మార్చు, ఆ వాక్యం మార్చు అని ప్రాణం తీస్తా ఉండారు” అన్నాడు.

ఆడి ఆఖరి శుక్రవారం సైట్ తెరిచాం. మొదటి పేరు నీదే. తంగం అక్క తన పేజీకి మాటలు తనే చెప్పి రాయించింది: “వాన పడితే వరుగులు లేవు. ఎండ వచ్చినాక పోను చెయ్యండి.” నేనందులో ఒక్క అక్షరం ముట్టుకోలేదు. కోయంబత్తూరు ఆవిడ నంబరు మామయ్య ఫోనులో వెతికి అత్తే ఫోను చేసింది. “నేను గాంధిమతి. మురుకులు చేసేది నేనే. మీకు చేసి పంపిస్తా” అంది. మామయ్య లేచి వెళ్లి నూనె డబ్బా తెచ్చిపెట్టారు. సీమంతం మురుకులు ఈ ఉదయం బస్సెక్కాయి.

అట్టడుగున ఇప్పుడు నా పేరుంది. ఇక్కడ పేరుకు ముందు నాన్నదో మొగుడిదో మొదటి అక్షరం వేసుకుంటాం కదా. నేను నీది వేసుకున్నాను.

నీ
అ. యువరాణి