నేను గడుల్లో గీసిన కథల పంపకం

కృష్ణా జిల్లా విజయవాడ, గుణదలలో కాపురముంటున్న చిట్టూరి రామకోటేశ్వరరావు గారి భార్య సంపూర్ణమ్మ, వయస్సు నలభై ఏడు, ఇంటి పని, ఒకరిచేత రాయించక తన చేత్తో రాసుకున్న వీలునామా. వచ్చే వారం నాకు కడుపు ఆపరేషను. ఒంట్లో బాగా లేదు గాని బుద్ధి సరిగానే ఉంది. ఇది రాయమని నన్నెవరూ బలవంతపెట్టలేదు. వద్దన్నవాళ్లు మాత్రం ఉన్నారు. దీన్ని అమలు జరిపే బాధ్యత మా వీధిలోని డ్రాయింగు మాస్టారు జాన్‌బాబు గారికి అప్పగిస్తున్నాను.

1. పామర్రులో మా నాన్నగారు పసుపుకుంకుమల కింద ఇచ్చిన అర ఎకరం మాగాణి నా కుమార్తె రామతులసికి సర్వహక్కులతో చెందాలి. అమ్ముకున్నా ఉంచుకున్నా ఆమె ఇష్టం. పెదనాన్నలను, బాబాయిలను సలహా అడగనక్కర్లేదు.

2. నా భర్తకు వంటిల్లు, అందులోని సామాను యావత్తూ. మా మరిది తిరుపతిరావు హైదరాబాదులో టీవీకి కార్టూన్లు తీసే కంపెనీలో రచయితగా పేరు తెచ్చుకున్నాడు. ఆ కథలు రాసి, ఏ దృశ్యం తర్వాత ఏది రావాలో గడులు కట్టి బొమ్మలు గీసి, ప్రతి గడి కిందా మాటలు రాసి పంపింది నేను. తెరమీద పడేది మాత్రం అతని పేరు. అదేమిటో కనుక్కోమంటే మావారు, “ఇంట్లోవాడేగా, పేరు ఎవరిదైతే ఏమిటే?” అన్నారు. కాబట్టి పప్పుల డబ్బాలకూ కారాల డబ్బాలకూ నేను రాసి అంటించిన పేర్లన్నీ పీకేశాను. మూత తీసి చూసుకోగలరు.

3. నా తోటికోడలు, అనగా తిరుపతిరావు భార్య సుబ్బరత్నానికి, నా ఆకుపచ్చ వెంకటగిరి చీర. కారణం కూడా రాస్తున్నాను. రైతుల కార్యక్రమానికి వరినాట్ల మీద ఒక కార్టూను కావాలన్నారు. నాటే ఆడవాళ్లు వెనక్కి వెనక్కి జరుగుతారని గడిగడికీ బాణం గుర్తు వేసి పంపాను. కొత్తగా గీయడం దండగని కంపెనీ వాళ్లు, ఏదో ఊరేగింపు కార్టూనుకు గీసి ఉంచిన ఆడవాళ్ల నడకనే తెచ్చి అతికించారు. వాళ్లు ముందుకు నడుస్తూ తాము నాటిన నారునే తొక్కారు. అది కళ్లారా చూశాకే తిరుపతిరావు తన పేరు తీయించాడు. మా ఇంటికొచ్చి, “వదినా, ఈసారి నీ పేరే వేయించాను. ఇక అలక తీరినట్టేనా?” అన్నాడు.

నమ్మాను. మనకు ఇక్కడ టీవీ రాదు గనుక రైలెక్కి హైదరాబాదు వెళ్లాను. వాళ్లింట్లో ఇరుగుపొరుగంతా చేరారు. నా పేరు పడింది. ఆ వెంటనే ఆ నడక. “ఎవరండీ ఈ సంపూర్ణమ్మ? వడ్లు చెట్టుకు కాస్తాయనుకుంటోందా?” అన్నాడొకాయన. గదంతా నవ్వింది. తిరుపతిరావూ నవ్వాడు. సుబ్బరత్నం ఒక్కతే లేచి, “కరెంటు తగ్గిందండీ, పెట్టె పాడైపోతుంది,” అని టీవీ కట్టేసింది. కరెంటు తగ్గలేదు. ఆ చీర ఆమె కట్టుకోవాలి గాని దాచుకోకూడదు.

4. కుట్టుమిషను సొరుగులో ఉన్న నా గడుల బొమ్మలన్నీ రామతులసివి. ఒక్క కాగితం కూడా, చూసి ఇస్తామన్నా సరే, ఎవరికీ ఇవ్వకూడదు. ఆ మాట మీదే నేను పోగొట్టుకున్నవి చాలు.

5. తిరుపతిరావుకు నా చివరి కథ, ఉన్నంతవరకు. గేదె వీపునెక్కి కాలవ దాటుతున్న కొంగ, దారి పొడుగునా తానే గేదెను నడిపిస్తున్నానని అందరికీ చెప్పుకుంటుంది. అది చదివి అతను, “కొంగ భలే ఉంది వదినా!” అని పడిపడి నవ్వాడు. గేదె కాలవ నడిమికి వచ్చి ఆగడంతో బొమ్మలు ఆగిపోయాయి. ముగింపు పంపమనీ కంపెనీ వాళ్లు తొందరపెడుతున్నారనీ కబురు మీద కబురు పెడుతున్నాడు. ఆ తర్వాత గేదె ఏం చేస్తుందో తులసికి మాత్రమే చెప్పాను. తెరమీద నా పేరు వేస్తామని కంపెనీ కాగితం రాసి, జాన్‌బాబు గారి చేతికి ఇచ్చిననాడు తులసి మిగతా గడులు గీసి ఇస్తుంది. ఇవ్వకపోతే గేదె ఆ నీళ్లలోనే నిలబడి ఉంటుంది. కొంగ దాని మీదే ఉంటుంది.

చదువుకుని, సరిగా ఉన్నదని చూసుకుని చేసిన సంతకం.

విజయవాడ, 14 నవంబరు 1979
చిట్టూరి సంపూర్ణమ్మ

సాక్షులు:
అమలమ్మ, నర్సు, గుణదల
రత్తయ్య, పోస్టుమాను, గుణదల