రంపం తీస్కొని రా, కమాల్ భాయ్

అమీర్‌పేట,
8 ఆగస్టు 1999

మా ఇంట్ల పాతికేండ్లు చాయ్ తాగిన కమాల్ భాయ్‌కి,

సారయ్య పెండ్లాం బుచ్చమ్మ చెప్పి రాయిస్తున్నది. నువ్వు నాగార్జునసాగర్‌ల నీ బిడ్డ ఇంట్ల సల్లగ ఉన్నవని తలుస్తున్న. నేనెట్లున్ననో అడగనోనికి చెప్పుడెందుకు?

నాకు అక్షరం రాదని నీకెర్కే. గీ కాయితం రాస్తున్నది నా కోడలు హైమవతి. కాకినాడ పిల్ల. మూడేండ్ల కింద కంప్యూటర్ నేర్వనీకి వచ్చి మా పై రూము కిరాయికి పట్టింది. రూముతోని పాటు మా నరేశ్‌ను సుత పట్టింది. చెప్పింది చెప్పినట్టు రాయమన్న. "అత్తయ్యగారూ, పెద్దాయనకి మరీ ఇంత ఘాటుగా వద్దండీ" అంటున్నది. ఆ మాట సుత రాయమన్న.

సంగతేందంటే పడవ. హుస్సేన్‌సాగర్ పడవల క్లబ్బుల మీ చెక్క పడవకు జాగ లేదన్న దినాన తాళ్లు కట్టి మా మిద్దె మీదికి గుంజిన్రు గదా, గదే. నువ్వే కింద నిలబడి "ఆహిస్తా, మెల్లగ, ఆహిస్తా" అని గల్లీ అంత వినబడేటట్టు ఒర్లినవు. ఇప్పుడు నరేశ్ మిద్దె మీద నాలుగు రూములు ఏస్తడట. మా గల్లీల ఇగ ఇండ్లు లేవు భాయ్, అన్నీ హాస్టళ్లే. ఏ గోడ చూసినా జావా, ఒరాకిల్ అని బోర్డులంట, కోడలు చదివి చెప్తది. పిల్లలు అన్నం తినుకుంట సుత అవ్వే మాట్లాడుతరు. నరేశ్ జిరాక్సు దుకాన్ల ఆ కోర్సుల కాయితాలే పొద్దంత తీస్తడు. వాన్ని తప్పు పడ్తలేను. కాని దసరా లోపల పడవ తియ్యాలంటుండు. మొన్న పంజాగుట్ట నుంచి ఒక హోటలాయన వచ్చి టేపు పెట్టి కొలిచిండు. దర్వాజ కాడ పెట్టి అందుల ఐసు పోసి దోసకాయ ముక్కలు, పైనాపిల్ ముక్కలు పేరుస్తడట! సారయ్య పడవల దోసకాయ ముక్కలు! మెట్ల మీదికెళ్లి దిగేదాక వాని ఎంబడి పడ్డ.

కాని ఆ పడవల సగం నీది. నా మొగుడు బతికినన్నాళ్లు అదే మాట అన్నడు: "సగం కమాల్‌ది, సగం నాది." నీ సగం నేను అమ్మలేను, దాసలేను. అందుకే చెప్తున్న, రంపం తీస్కొని రా. నువ్వు వడ్రంగివే గదా. మధ్యల గీత గీసి కోసి నీ సగం నువ్వు తీస్కపో. ముందు సగమా, ఎనుక సగమా, నీ ఇష్టం. నా సగం నా మంచం పక్కన నిలబెట్టుకుంట.

కొయ్యనీకి చెయ్యి రాదా? అది పుట్టిన దినం యాదికొస్తదా? క్లబ్బోళ్లు పొయ్యిల పెట్టుకోమని ఇచ్చిన చెక్కలు. క్లబ్బుల నువ్వు పడవలు బాగుచేసేటోనివి, ఆయన తెరచాపలు కుట్టేటోడు. ఆరు నెలలు మా వాకిట్ల నువ్వు పలకలు కొట్టినవు, ఆయన తెరచాప కుట్టిండు, నేను దారానికి మైనం రుద్దిన. నా వేళ్లు ఎన్నిసార్లు తెగినయో మీ ఇద్దర్ల ఒక్కరన్న చూసిన్రా? మిరుగు కార్తె పెట్టి పడమటి గాలి లేచినంక హుస్సేన్‌సాగర్‌ల దింపిన్రు. నీళ్లు అప్పుడు వాసన రాకుండె. కట్ట మీద నేను రొట్టెల మూట పట్టుకొని నిలబడ్డ. పడవ ఒక్క దిక్కు వంగి, తెల్ల తెరచాప గాలి నింపుకొని ఖైరతాబాద్ దిక్కు పోతుంటే, నా కడుపుల నరేశ్ తన్నిండు. మల్ల వచ్చేటప్పుడు గాలి మీ ఎనుక ఉన్నది, మీ ఇద్దరి నవ్వు మీకన్న ముందు ఒడ్డుకొచ్చింది.

గండిపేట ఐతారాలు యాదికున్నయా? లారీ మీద పడవ, పడవల మనం. మీరు నీళ్ల మీద, నేను, నీ పెండ్లాం అన్వరీ ఒడ్డు మీద మూడు రాళ్ల పొయ్యి కాడ. అన్వరీ, దేవుడు ఆమెను సల్లగ చూడాలె, ఒకసారి అన్నది: "బుచ్చమ్మా, గీ మొగోళ్లకు నీళ్లు, మనకు పొగ." నన్ను ఒక్కసారన్న ఎక్కిస్తరేమో అని పొగల నుంచి చూస్తుంటి. ఎన్నడు అడగలే. అడిగితే అలుసైపోతనని.

మీ పెద్ద ముచ్చట ఎప్పుడూ ఒకటే. నాగార్జునసాగర్‌ల పడవ దింపాలె, నల్లమల కొండల నడుమకెళ్లి కృష్ణమ్మకు ఎదురు పోయి శ్రీశైలం మల్లన్న కాళ్ల కాడ ఆపాలె. ఏ ఊరి కాడ ఆగాలె, ఏ మలుపుల గాలి తిరుగతది, ఎన్ని రొట్టెలు కట్టాలె, అన్నీ లెక్కనే. ఎప్పుడు అంటే నువ్వు "పర్సోం" అంటివి. మీ పర్సోం సంగతి ఊరందరికి ఎర్కే. ఎల్లుండి పర్సోమే, మొన్న పర్సోమే, పదేండ్ల కింద సుత పర్సోమే.

ఇగ అసలు మాట. పోయినేడు ఆయన పంజాగుట్ట దవాఖానల పడి ఉన్నప్పుడు నువ్వు ఇంటికి ఫోన్ చేసినవు. పర్సోం వస్తనని కోడలుతోని చెప్పినవు. నేను ఉరికిపోయి ఆయన చెవుల చెప్పిన: "కమాల్ ఎల్లుండి వస్తుండు." గొంతుల గొట్టం ఉండె, మాట రాదు. రెండు వేళ్లు చూపెట్టిండు, చెయ్యి భుజం మీదికెళ్లి ఎనుకకు ఊపిండు. "అవు, రెండు దినాలే, జర ఓపిక పట్టు" అన్న. తల అడ్డం ఊపిండు. రెండు దినాలు సుత శానా ఎక్కువంటుండని నేను ఏడ్చిన. రెండో దినం మాపటికి ఆయన పోయిండు. నీ కోసం దర్వాజ దిక్కే చూసుకుంట పోయిండు. నువ్వు రాలే. చావుకు సుత రాలే.

గింత చేసినోనికి సగం పడవెందుకు అని సుత అనిపిస్తది. కాని మాట మాటే. రంపం తీస్కొని రా.

ఇట్లు,
సారయ్య లేని ఇంటి నుంచి,
బుచ్చమ్మ (వేలిముద్ర)


అమీర్‌పేట,
21 ఆగస్టు 1999

కమాల్ భాయ్‌కి,

నీ కాయితం అందింది. రెండు దినాలైతుంది.

హైమవతి చదువుతుండె, నేను బియ్యం ఏరుతున్న. మధ్యల ఆగింది. నీ రాత వంకర ఉన్నదేమో అనుకున్న. "చదువు" అన్న. లేచి పోయి మంచినీళ్లు తాగి వచ్చింది. మల్ల కూసున్నది, మల్ల ఆగింది. "ఏందే, కోళ్లు గీకినట్టున్నదా?" అంటే, "కాదండీ, ఇక్కడ తప్పు నాదండీ" అన్నది. మొకం సున్నం తీరు అయ్యింది.

నువ్వు రాసింది మొత్తం చదివింది. నువ్వు ఆ మంగళవారమే వచ్చినవట. నేను తానం చేసి గంజి కాసుకొస్తనని ఇంటికి పోయినప్పుడు, నువ్వు ఆయన మంచం మీద గంటసేపు కూసున్నవట. సాయంత్రం బస్సుకు సాగర్ పోయినవట. తెల్లారి ఆయన గొంతుల గొట్టం ఏసిన్రు. ఆ తెల్లారి నువ్వు ఎస్టీడీ బూతు నుంచి ఇంటికి ఫోన్ చేసి "పర్సోం వచ్చిన, సారయ్యను చూసిన, ఇప్పుడెట్లున్నడు" అని అడిగినవట.

కోడలు ఏమంటదంటే, "అత్తయ్యగారూ, నాకు 'పర్సోం వచ్చిన' దాకే వినిపించి లైను కట్టయిపోయిందండీ. మా వైపు 'వచ్చిన' అంటే మాట సగంలో ఆగినట్టే. వచ్చిన తర్వాత ఏదో చేస్తానని చెప్పబోయారనుకున్నాను. పర్సోం అంటే ఏమిటని హాస్టల్ పిల్లల్ని అడిగితే ఎల్లుండి అన్నారు."

మనకు వచ్చిన అంటే వచ్చుడు అయిపోయినట్టు. పోయిన, తిన్న, చూసిన, అన్నీ అయిపోయినట్టే. వాళ్లకు "వచ్చాను" అంటేనే వచ్చినట్టు. ఒక్క తోక లేనందుకు ఏడాది నిన్ను తిట్టుకున్న, భాయ్.

దినమంత దానితోని మాట్లాడలే. అది వండి పెట్టింది, నేను తినలే. మాపటికి మిద్దె మీదికి పోయి పడవల కూసున్న. అవు, మొదటిసారి అండ్ల కూసున్న, మిద్దె మీద. అప్పుడు ఆయన చూపెట్టిన రెండు వేళ్లు కండ్ల ముందుకొచ్చినయి. చెయ్యి ఎనుకకు ఊపిండు గదా. "రెండు దినాల కిందనే వచ్చిండే పిచ్చిదానా" అని చెప్తుండె. నేను "అవు, రెండు దినాలే" అని తల నిమిరిన. నాతోని ఎట్ల చెప్పాల్నో తెల్వక తల అడ్డం ఊపిండు. ముప్పై ఏండ్లు కాపురం చేసిన, మొగుని చెయ్యి చదవరాలే. అక్షరం రాదని కోడలు ముందర కూసుంటి, నాకు రానిది అక్షరమొక్కటేనా?

ఇంకొకటి చెప్పాలె. ఇది కోడలికి సుత ఇప్పుడే తెలుస్తున్నది, రాసుకుంట రాసుకుంట నా దిక్కు చూస్తున్నది. చావుకు రాలేదని నీకు రాయించిన గదా. అది అబద్ధం. నరేశ్ నీకు ఫోన్ చెయ్యబోతే నేనే చెయ్యి పట్టుకున్న. "ఎల్లుండి వస్తనని రానోడు కాష్ఠం కాడికెందుకు" అన్న. నీకు తెలియనియ్యలే. నలభై దినాల తర్వాత ఎవరో చేపలోళ్లు చెప్తే తెలిసిందని రాసినవు. "భాభీ నన్ను పిలవలేదంటే నేను ఏదో పాపం చేసి ఉంట అని నోరు మూసుకున్న" అని రాసినవు. ఆ పాపం నాది. కోడలు ఒక్క మాట తప్పు విన్నది. నేను కండ్లు తెరిచి చేసిన. అది కావాల్నంటే నీ కాయితంల ఆ ముక్క దాటేసి చదివేది. నాకేం తెలుస్తుండె? దాటెయ్యలే. ఆ మాట దానితోని అనలేను, నీకు రాయిస్తున్న.

ఆఖర్న నువ్వు రాసింది రెండుసార్లు చదివిపిచ్చుకున్న. ఆయన నీతోని అన్నడట, "సాగర్ పోతే చుక్కాని బుచ్చికి ఇయ్యి. ఇల్లు నడిపిన చెయ్యి, పడవ ఒక లెక్కనా" అని. బతికినన్నాళ్లు కట్ట మీద నిలబెట్టి, పోయేముందు చుక్కాని ఇస్తడట! మంచోడే మీ దోస్తు.

రంపం వద్దు. వచ్చే శనివారం డీసీఎం బండి మీద పడవ తీస్కొని నేనే వస్తున్న. పక్కన నువ్వు ఉండు.

ఇట్లు,
నీ బాకీ మాట తీర్చుకోనీకి వస్తున్న,
బుచ్చమ్మ (వేలిముద్ర)

కమాల్‌గారూ, రాయొద్దన్నా రాస్తున్నాను. నన్ను క్షమించండి. — హైమవతి


నాగార్జునసాగర్,
2 సెప్టెంబరు 1999

కొడుకు నరేశ్‌కు, అమ్మ దీవెనలు.

ఇది కమాల్ భాయ్ రాస్తుండు. రాత వంకర ఉంటది, హైమతోని చదివిపిచ్చుకో.

పడవ వచ్చీ రాంగనే దింపుతమనుకున్న. కాలేదు. మిద్దె మీద ఎండి పలకల సందులు తెరుసుకున్నయి. అండ్ల రాళ్లు ఏసి ఒడ్డు కాడ ముంచి పెట్టిండు కమాల్. చెక్క నీళ్లు తాగి ఉబ్బితేనే సందులు మూసుకుంటయట. మూడు దినాలు అది నీళ్లల్ల, మేం ఒడ్డు మీద. ఆ మూడు దినాలు ఇద్దరం తిట్టుకున్నం, ఏడ్సినం, మీ నాయిన సంగతులు చెప్పుకున్నం. నాకు తెల్వని సారయ్య ఒకడు ఈయన దగ్గర ఉన్నడు, ఈయనకు తెల్వనోడు నా దగ్గర.

నిన్న పొద్దుగాల ఎక్కిన. ముందు పడవ అంచు గట్టిగ పట్టుకున్న, ఎందుకు అబద్ధం? కమాల్ తెరచాప తాడు పట్టిండు, నాకు చుక్కాని ఇచ్చిండు. అది ఉల్టా పని రా నరేశ్. ఎడమకు నూకితే పడవ కుడికి పోతది. చెప్పినదానికి ఎదురు తిరిగేటోన్ని నా జిందగీల మీ నాయిన ఒక్కన్నే చూసిన, అందుకే జల్దీ అలవాటైంది. "భాభీ, దబాకే పకడో, గట్టిగ పట్టు!" అని ఒకటే ఒర్లుడు ఈయన. "నీ తాడు నువ్వు చూసుకో" అన్న. గాలి పట్టంగనే పడవ వంగింది, నీళ్లు పక్కకెళ్లి గలగల ఉరికినయి, ఆ సప్పుడు నేను ఎన్నడు వినలే. కట్ట మీదికి ఆ సప్పుడు రాదు. దూరం నుంచి చూస్తే బొమ్మ తీరు పోతదనుకున్న. పైన కూసుంటే పానమున్న గొడ్డు తీరు కిందికెళ్లి గుంజుతది. గాలికి ఎదురు తిన్నగ పోరాదు. గీ పక్కకు కొంత, గా పక్కకు కొంత, అడ్డమడ్డం పోవాలె.

నీళ్ల నడుమున్న కొండ కనబడే దాక పోయినం. ఆడ గాలి పడిపోయింది. తెరచాప తడి చీర తీరు ఏలాడింది. టూరిస్టుల లాంచి పోతుంటే వాళ్లు తాడు ఇసురుతమన్నరు. ఈయన తీసుకుందామన్నడు. నేను వద్దన్న. రొట్టె తిన్నం, గాలి కోసం కూసున్నం. అప్పుడు నీళ్ల నడుమ కమాల్ అన్నడు, "భాభీ, ఒక మాట చెప్త, కోపం చెయ్యకు. గీ పడవతోని శ్రీశైలం పోవుడు కాదు. అప్పుడు సుత కాకుండె. మాకు మొదటి ఏడే ఎర్క."

"మరి ఇన్నేండ్లు ఆ ముచ్చటేంది?"

"దినమంత ఒకరి తెరచాప కుట్టి, ఒకరి పడవకు మేకులు కొట్టి, మాపటికి మాదని చెప్పుకోనీకి ఒక తొవ్వ ఉండాలె గదా."

కోపం రాలే. ఏడుపు సుత రాలే. నన్ను శ్రీశైలం తీస్కపోలేదని ఏడ్వలేదు నేను ఇన్నేండ్లు. ఆ ముచ్చట్ల నన్ను కూసోబెట్టలేదని ఏడ్చిన. ఇప్పుడు కూసున్న. ఏ మలుపుల ఆగాలె, ఎన్ని రొట్టెలు, ఇద్దరం పొద్దెక్కేదాక లెక్కేసినం. మీ నాయిన తీరే కమాల్ సుత ఉప్పు మరిచిపోతడు. గాలి వచ్చినంక మల్లిచ్చి మేమే ఒడ్డుకు తెచ్చుకున్నం.

పడవ ఇగ అమీర్‌పేటకు రాదు. నీ మిద్దె ఖాళీ, రూములు ఏసుకో, నా దిక్కు చూడకు. నా సగం నేను ఒకరికి ఇస్తున్న, కమాల్‌ను సుత అడిగిన, సరే అన్నడు. నా సగం హైమకు. నిజం చదివినందుకు. దాన్ని పొయ్యి కాడికెళ్లి లేపి శనివారం పొద్దుగాలి బస్సు ఎక్కియ్యి. సముద్రం పక్క పుట్టిన పిల్ల, నీళ్లకు భయపడదు. పడవల ఇద్దరికే జాగ. కమాల్ భాయ్ ఒడ్డు మీద కూసొని రొట్టెలు కాలుస్తనంటుండు.

మీ అమ్మ,
బుచ్చమ్మ (వేలిముద్ర)