గోధుమరంగు మేజోళ్ళు

అమ్మా బ్రాన్విన్,

నీ నడుంనొప్పి ఎలా ఉంది? మీ ఆయన దగ్గు తగ్గిందా? పాపకు పళ్ళు వస్తున్నాయన్నావు, జ్వరం రాలేదు కదా? నా మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి.

నా మోకాళ్ళకు నూనె తీద్దామని మీ అమ్మ పోయేముందు పెరట్లో తొట్లలో పెట్టిన రెండు గంజాయి మొక్కలు నా భుజం దాకా ఎదిగాయి. కాన్‌బెరాలో చట్టం ఒప్పుకుంటుందిలే, నా భయం దానికి కాదు. కంచె అవతలి గోరన్, "తల తుంచెయ్యి పెద్దమ్మా, గుబురుగా వస్తుంది" అన్నాడు. మీ అమ్మేమో, "తుంచావంటే నిన్ను కుర్చీకి కట్టేస్తానే! కొమ్మను వంచి కట్టాలి" అనేది. పాత మేజోళ్ళు చింపి ఆ పేలికలతో కట్టేది.

సోమవారం కత్తెర పట్టుకుని వెళ్ళాను. ఒక మొక్క కొమ్మలన్నీ అప్పటికే వంచి, తొట్టి అంచుకు కట్టి ఉన్నాయి. గోధుమరంగు మేజోళ్ళ పేలికలు, మీ అమ్మ వేసే ముడి. గోరన్‌ను అడిగితే, "నేను ఆడవాళ్ళ మేజోళ్ళు తొడుక్కుంటానా పెద్దమ్మా!" అని నవ్వాడు. నా దగ్గరా లేవు. ఉన్న ఒక్క గోధుమరంగు జత, శవపేటిక మూసేముందు మీ అమ్మ కాళ్ళకు తొడగమని నీకే ఇచ్చాను. తొడిగావు కదూ? నిజం చెప్పు, కోప్పడను.

నిన్న మొండికేసి రెండో మొక్క తల తుంచాను. ఇవాళ పొద్దున నా కుర్చీ చేతికి, మణికట్టు ఆనే చోట, ఒక పేలిక వదులుగా కట్టి ఉంది. అప్పటినుంచీ కూర్చోలేదమ్మా, మోకాళ్ళు పీకేస్తున్నాయి. మార్చి పదిహేను, ఆదివారం వస్తానన్నావుగా, పగటిపూటే రా.

మీ పెద్దమ్మ