జనరల్ లెక్కల పిల్ల

నరసరావుపేట, మార్చి, శనివారం రాత్రి

ఒకప్పుడు నేను లెక్కలు చెప్పిన హైస్కూల్లో వీడ్కోలు సభ నుండి అలసిపోయి వచ్చాను. ఎస్సెల్సీ పిల్లలు వరుసగా లేచి తమ అభిరుచులు, ఆశయాలు చెప్పారు. మగపిల్లల్లో సగం మందికి కొత్తగా కడుతున్న సాగర్ డ్యాము దగ్గర ఓవర్సీరు పనే కావాలి. మెకానిక్ మస్తాన్ కూతురు జాన్‌బీ మాత్రం, ఆయిల్ ఇంజన్లు విప్పి బిగించడం తనకు సరదా అనీ, ఇంజనీరునవుతాననీ చెప్పింది.

“జనరల్ లెక్కలు చదివి ఇంజనీరేందే?” అని వెనకబెంచీ నవ్వింది. అందుకు జనరల్ కంటే కష్టమైన కాంపోజిట్ లెక్కలు కావాలి. ఆడపిల్లకు అవెందుకని బడివారే ఇవ్వలేదు.

దారిలో కూతురితో వస్తూ మస్తాన్ కలిశాడు. “ఏడాది ఆగి ఆ లెక్కలు రాయొచ్చంట గదా, అమ్మగారూ. ఇంట్లో ఉంచితే మావోళ్లు చదవనియ్యరు. మీకాడ పెట్టుకొని చెప్తారా?”

ఎవరి తోడూ లేకుండా బతకడం నేను కోరి ఎంచుకున్నది. ఆలోచించి చెబుతానన్నాను.

“కాదనేవోళ్లే అట్టంటారు, మామ్మా,” అంది జాన్‌బీ.

కోపం రావలసిన మాట. రాలేదు, ఓపిక లేకనో ఏమో...

పక్కగది నిండా నా పుస్తకాల పెట్టెలే. వాటిని జరపడం ఇక నా ఒక్కదానివల్ల కాదు. రేపు మస్తాన్‌ను సాయం అడగాలి. ఒకరిని సాయం అడిగి ఎన్నేళ్లయిందో.