గులాబీ చుక్కలు

అక్కా,

నేను డ్యూటీకి వెళ్తున్నాను. సున్నం తేరిన నీళ్లు చెంబులో ఉన్నాయి. పై నీళ్లు మాత్రమే ఉప్పునీటి చేపల తొట్టిలో చుక్కచుక్కగా వెయ్యి. అడుగున ఉన్న సున్నం కలపకు.

పోయిన నెల నువ్వు "ఛీ, గీ రాయికి ఎర్ర పాచి పట్టింది తమ్మీ" అంటూ దాన్ని పీచుతో తెల్లగా తోమేశావు. నీ మరదలు విమల భీమిలి సముద్రంలో ఏరుకొచ్చిన రాయి అది. దాని మీది గులాబీ పెచ్చు మురికి కాదు, నీళ్లలోని సున్నంతో పెరిగే ప్రాణమున్న నాచు; ఆమె పోయాక కూడా పెరుగుతూ వచ్చింది.

ఇందాక తొట్టిలోకి టార్చి వేసి చూశాను. నువ్వు రాల్చిన పొడే అంటుకుందేమో, తొట్టి అద్దం నిండా, మిగతా రాళ్ల నిండా గులాబీ చుక్కలు!

నీ పీచు దాచింది నేనే. బియ్యం డబ్బా వెనక ఉంది, తీసుకో. ఆ అద్దం, రాళ్లు మాత్రం తోమకు.